బోడిగుట్టపల్లి వంతు

డిస్కు మెరిసే వైపున బొట్టు ఉంది. ముందు పసుపు పూసి, అది ఆరాక దాని మీద కుంకుమ పెట్టారు.

అనుపమ దాన్ని అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. అనంతపురంలో బస్సెక్కే ముందు, ఆమె పనిచేసే కంప్యూటర్ అంగడి ఓనరు వంశీకృష్ణ చెప్పాడు: పాత మిషన్, పెన్‌డ్రైవ్ నుంచి లేవదు, లినక్స్ డిస్కు నుంచే ఎక్కించాలి, డిస్కు అక్కడే ఉంటుంది అని. ఉంది. డిస్కు పెట్టిన కవరుకు కూడా బొట్టు ఉంది.

"ఎవరు పెట్టినారు దీనికి?"

గడప మీద కూర్చున్న జయరాజు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పాత ఆపరేటరు లింగన్న మానేశాక, ఉగాది నుంచి పంపుహౌసు తాళాలు అతని దగ్గర ఉంటున్నాయి.

"లింగన్న పెట్టింటాడు మేడం, ఆయుధపూజకు. మోటారుకు పెట్టినాడు, స్టార్టరుకు పెట్టినాడు. దీన్ని మాత్రం ఎందుకిడ్సాలని పెట్టింటాడు."

"వెనకపక్క పెట్టొచ్చు కదా, అక్షరాలున్న పక్క."

"మెరిసేదే మొగమనుకున్నాడేమో."

పంపుహౌసు ఎర్రదొడ్డి బయట గుట్ట కింద ఉంది. గుట్ట మీద ట్యాంకు. ట్యాంకు నుంచి దిగిన గొట్టం గది వెనక గుంతలో నాలుగుగా చీలుతుంది. ఒక్కో గొట్టానికి ఒక వాల్వు, వాల్వు మీద చిన్న మోటారు. ఏ ఊరి వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో గదిలో ఉన్న కంప్యూటరు చెబుతుంది. అర్ధరాత్రి మొదలయ్యే వంతు ఎర్రదొడ్డిది. తర్వాత రెండు ఊళ్ళు. మధ్యాహ్నం దాటాక వచ్చే వంతు గొట్టం చివర ఉన్న బోడిగుట్టపల్లిది. బోర్లు ఎండిపోయాక నాలుగు ఊళ్ళకూ తాగేనీళ్ళు ఈ ట్యాంకు నుంచే. పోయిన వారం కంప్యూటరు ఆగిపోయింది. ఆగినప్పుడు ఎర్రదొడ్డి వాల్వు తెరిచి ఉంది. అప్పటి నుంచి అది తెరిచే ఉంది.

అనుపమ మిషన్ పక్క రేకు విప్పి పాత హార్డ్ డిస్కు తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, బల్ల మీద పెట్టింది. కొత్తది బిగించింది. బల్ల కింద ఇన్వర్టరు ఉంది. దాని పక్కన బ్యాటరీలు ఉండాల్సిన చోట సిమెంటు మీద రెండు చదరాల మరకలున్నాయి.

"బ్యాటరీలు యాడ?"

"రిపేరుకు పోయినాయి."

"ఎప్పుడు?"

"పోయినాయి లే మేడం."

కిటికీ అవతల నుంచి ఒకామె నవ్వింది. బయట తుమ్మచెట్టు నీడలో ఆడవాళ్ళు ప్లాస్టిక్ కడవలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నవ్వినామె లేచి కిటికీ ఊచలు పట్టుకుంది. వయసు అరవై దాటి ఉంటుంది.

"దివాకర్ ఇంట్లో పెండ్లయింది గదమ్మా, అప్పుడు రిపేరొచ్చింది వాటికి. ఇంగా ఆడే బాగవుతాండాయి."

"నువ్వూరుకో లక్ష్మీదేవమ్మా," అన్నాడు జయరాజు.

"నేనేమంటిని? రిపేరనే అంటిని గదా. పాపా, ఆ టీవీ ఎప్పుడు మాట్లాడతాది?"

"ఈ పొద్దు చూస్తాం పెద్దమ్మా."

"చూడు. మాది బోడిగుట్టపల్లి. పొద్దున్నే వచ్చినాం. వట్టి కడవలతో పోతే ఇంట్లో వాండ్లు మా మొగాలే తాగాల."

అనుపమ మిషన్ ఆన్ చేసింది. తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: తారీఖు, సమయం సరిగా లేవు. 2009 జనవరి ఒకటి అని చూపిస్తోంది. పాత మిషన్లు చాలా వాటికి ఇంతే. ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి ఈ రోజు తారీఖు, సమయం వేసి బయటికి వచ్చింది. డిస్కు పెట్టి ట్రే తోసింది. డిస్కును ముందు పరీక్షించమని అడిగింది. ట్రేలో డిస్కు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. సగంలో ఒక ఫైలు దగ్గర చదవలేనని చెప్పింది. రెండోసారీ అదే ఫైలు. మూడోసారీ అదే.

ఆమె లేచి గదిలో గోడ నుంచి గోడకు నడిచింది. ఫ్యాను తిరగడం లేదు. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత కనిపించి పోయింది. డిస్కు తీసుకుని బయటికొచ్చి, తన నీళ్ళ సీసా మూత తీసి, డిస్కు మీద నాలుగు చుక్కలు పోసి వేలికొసతో రుద్దింది. పసుపు వేలికి అంటింది. చెట్టు కింద ఆడవాళ్ళు మాటలు ఆపి ఆ నీళ్ళనే చూస్తున్నారు. ఆమె సీసా మూత బిగించి, మిగిలిన పసుపును చున్నీ చెంగుతో నడిమి నుంచి అంచుకు తుడిచింది.

కీచుమని కారు హారను వినిపించింది. దివాకర్ దిగి, నడుస్తూనే వెనక్కి చూడకుండా చేతిలోని రిమోటు తాళం నొక్కాడు. కారు మళ్ళీ కీచుమంది. నీళ్ళ పథకం నిర్వహణ కాంట్రాక్టు అతనిదే. అనంతపురంలో వంశీకృష్ణ అంగడికి పనులు ఎక్కువగా అతని నుంచే వస్తాయి.

"ఏమ్మా, యాడికొచ్చింది పని?"

"డిస్కు శుభ్రం చేస్తాండా సార్. ఈసారి చదువుతుంది."

"చదివించు. ఎల్లుండి మధ్యాహ్నానికి బోడిగుట్టపల్లి వాండ్లను పిలుస్తా. నీళ్ళు ఇడ్సేటప్పుడు వాండ్ల ముందర ఒక్క మాట చెప్పల్ల నువ్వు."

"ఏం మాట సార్?"

దివాకర్ తాళాన్ని వేలికి తగిలించి తిప్పాడు. కారు కీచుమంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ కీచుమంది. అతని వేలు ఊరుకోదు.

"లింగన్న పోతాపోతా వైర్లు పీకినాడని. చదువుకున్నదానివి, మిషన్ ఇప్పినదానివి, నువ్వు చెప్తే నమ్ముతారు. జయరాజును పర్మినెంటు చేయల్లంటే లింగన్న మీద మాట ఉండల్ల గదా. మళ్ళా తగులుకోకుండా."

"వైర్లు పీకినట్టేం లేదు సార్. హార్డ్ డిస్కు పోయింది."

"అది ఎందుకు పోయింది? ఊరికే పోతాదా?"

ఊరికే కూడా పోతుంది. అనుపమ డిస్కును మరోసారి వెలుగుకు పెట్టి చూసింది. గదిలోకి వెళ్ళి డిస్కు పెట్టింది. ఈసారి పరీక్ష చివరి దాకా వచ్చింది. ఇన్‌స్టాల్ మొదలుపెట్టింది. భాష అడిగింది, కీబోర్డు అడిగింది. తెర మీద నీలం పట్టీ ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. దివాకర్ ఆమె భుజం మీంచి చూస్తున్నాడు.

పట్టీ నాలుగో వంతు నిండాక కరెంటు పోయింది.

*

గుత్తిలో చిన్నమ్మ లలితమ్మ ఇంట్లో పడుకుని, మరుసటి రోజు అనుపమ పంపుహౌసుకు కాకుండా నేరుగా యాడికి ఊరి బయట, లింగన్న ఇప్పుడు పనిచేసే బండల ఫ్యాక్టరీకి వెళ్ళింది. వాల్వుల వైర్లు ఏది ఏ ఊరిదో చెప్పే వివరం పాత హార్డ్ డిస్కుతో పాటే పోయింది. జయరాజుకు తెలియదు. తెలిసింది లింగన్న ఒక్కడికేనని జయరాజే చెప్పాడు, దివాకర్ వినకుండా.

రేకుల షెడ్డులో పాలిషింగ్ మిషన్ తిరుగుతోంది. బండ మీద నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళు తెల్లటి బురదై కాలవలోకి పోతున్నాయి. లింగన్న బండ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా, కనుబొమల మీద తెలుపు. ఆమె ఎవరో చెప్పాక మిషన్ ఆపి వచ్చాడు.

"గోడ పక్కనుండే వైరు బోడిగుట్టపల్లిది. ఆడి నుంచి ఇట్ల వచ్చేకొద్దీ దగ్గరూరు. వాకిలి పక్కనుండేది ఎర్రదొడ్డిది. నేను గుడ్డపీలికలు కట్టి పెట్టింటి. లేవా?"

"లేవన్నా."

"జయరాజు ఊడ్సింటాడు. ఎప్పుడూ ఊడ్సనోడు."

"డిస్కుకు బొట్టు నువ్వేనా పెట్టింది?"

"నేనే. మెరుస్తాంటే మొగమనుకుంటి. తప్పా?"

"దానికి కండ్లు కనపల్లేదు నిన్నంతా."

లింగన్న నవ్వాడు. నవ్వితే చెంపల మీది పొడి పగిలింది. తర్వాత చేతులు కాలవలో ముంచి రుద్దుకున్నాడు. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి, చేతులూ తెల్లగానే ఉన్నాయి.

"నువ్వు వైర్లు పీకినావంటాండారు."

"దివాకరేనా?"

ఆమె కాలవలోని తెల్లటి నీళ్ళను చూసింది.

"చెప్పనీ. ఇద్దరూ కలిసి అన్నారు పాపా, రెండూర్ల వాండ్లు. ఎర్రదొడ్డి వాండ్లు ఏమన్నారు, మా నీళ్ళు తీసి బోడిగుట్టపల్లికి ఇస్తాండాడని. బోడిగుట్టపల్లి వాండ్లు ఏమన్నారు, నీళ్ళు ఈని చేతిలో పెట్టుకుని ఈనికి బుద్ధి పుట్టినప్పుడు ఇడుస్తాడని. నేను పోతేనే ఆ ఊరికి నీళ్ళొస్తాండె. పోకుంటే రాకుండె. ఇంగ చూసేవాండ్లకు ఎట్ల కనపడతాది?"

"నువ్వు పోతేనే ఎందుకు? మిషన్ తెరుస్తాది కదా."

"దానికి మరుపు."

"ఏమి?"

"కరెంటు పోయి వస్తే మళ్ళా మొదటికి పోతాది. ఎర్రదొడ్డి నుంచి మొదలుపెడతాది. దినానికి ఎన్నిసార్లు పోతాది మనకు కరెంటు? ఇంగ బోడిగుట్టపల్లి దాకా వచ్చేదెప్పుడు? బ్యాటరీలున్నప్పుడు ఇది లేదు. పోయినాంక నేనే వాల్వు తిప్పే రాడ్డు తీసుకోని గుంతలోకి దిగి, ఎర్రదొడ్డిది మూసి బోడిగుట్టపల్లిది తిప్పుతాంటి. చెప్పినా దివాకర్‌కు. కంప్యూటరు తప్పు చేయదు, నువ్వే చేస్తాండావన్నాడు. లక్ష్మీదేవమ్మ అందర్నీ తోడుకోనొచ్చి, నా చేతిలో రాడ్డు గుంజుకోని పోయె. అప్పుడే చెప్పినా, మళ్ళా ఆ గడప తొక్కనని."

షెడ్డులోంచి మేస్త్రీ కేకేశాడు. లింగన్న వెళ్ళి బండ అంచు పట్టుకున్నాడు.

అనుపమ ఆటోలో కూర్చున్నాక ఆ మాటను పక్కన పెట్టింది. మిషన్లకు మరుపు ఉండదు. ప్రోగ్రాములో ఏదో తేడా ఉండి ఉంటుంది, ఇతనికి అలా కనిపించి ఉంటుంది. పంపుహౌసు చేరి మిషన్ ఆన్ చేసింది. తారీఖు సరిగా లేదని వాక్యం మళ్ళీ వచ్చింది. 2009 జనవరి ఒకటి. నిన్ననే సరిచేసింది. మళ్ళీ వేసి ముందుకు పోయింది.

కరెంటు నిలబడింది. భాష, కీబోర్డు, మిషన్‌కు పేరు. డిస్కు మొత్తం వాడుకోమంటావా అంది, వాడుకోమంది. నెట్ నుంచి ఇంకేమైనా తెచ్చుకోవాలా అంది, వద్దంది. ఏమేం కావాలో గడులు చూపించింది. అనుపమ ఒక్కో గడిలోని గుర్తు తీసేసింది. డెస్క్‌టాప్ వద్దు, ప్రింటర్ వద్దు, ఆఫీసు సరంజామా వద్దు. అడుగున ఉన్నది ఒక్కటి ఉంచింది.

"బొమ్మలేమీ రావా మేడం?" అన్నాడు జయరాజు.

"రావు. దీనికుండే మెమొరీకి ఇది చాలు. వాల్వు తెరవల్ల, మూయల్ల. బొమ్మలెందుకు?"

పట్టీ నిండేదాకా ఆమె కూర్చోలేకపోయింది. గుంత దగ్గరికి వెళ్ళి గోడ పక్క వైరు నుంచి లెక్కపెట్టుకుని, ఒక్కోదానికి టేపు చుట్టి ఊరి పేరు రాసింది. తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కిటికీలోంచి లక్ష్మీదేవమ్మ అడిగింది, "ఎందుకు పాపా అట్ల తిరుగుతాండావు, కాలు కాలిన పిల్లి మాదిరి?"

"ఇది అయ్యేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు పెద్దమ్మా."

"మాకు లేచేబుద్ధి కాదు. ఒకరి తిప్పలు ఒకరివి. లింగన్న దగ్గరికి పోయినావంట?"

"వైర్లు అడిగేదానికి."

"ఏమంటాడు?"

"రాడ్డు మీరే గుంజుకున్నారంట గదా."

"నేనే గుంజుకున్నా. ఏం, మా నీళ్ళు ఆయప్ప దయనా? వాచీ చూసుకోని వచ్చినట్టు వస్తాంటే మర్యాద. వానికి పొద్దుపోయినప్పుడు వచ్చి తిప్పి పోతాండె." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆయప్ప పోయినాంక అదీ లేదనుకో."

ట్రే దానంతటదే బయటికొచ్చింది. ఇన్‌స్టాల్ అయిపోయింది. మిషన్ మళ్ళీ లేచి, నల్లటి తెర మీద పేరు అడిగి, ఒక తెల్లటి గీతను మినుకుమినుకుమనిపిస్తూ ఆగింది. అనుపమ పెన్‌డ్రైవ్ పెట్టి వాల్వుల ప్రోగ్రామును ఎక్కించింది. వంతుల సమయాలు వేసింది. మధ్యాహ్నం దాటింది కాబట్టి తెర మీద చివరి పేరు వచ్చింది: బోడిగుట్టపల్లి. వెనక గుంతలో మోటారు గుర్రుమంది. బయట ఆడవాళ్ళు లేచి కడవలెత్తుకుని ఊరి దారి పట్టారు. లక్ష్మీదేవమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

వాళ్ళు దిన్నె దాటి ఉండరు, కరెంటు పోయి వచ్చింది. రెప్ప వేసి తెరిచినంతసేపు.

మిషన్ తనంతట తాను లేచింది. తారీఖు సరిగా లేదన్న వాక్యం కాసేపు నిలిచి, దానంతటదే పోయింది. తెర మీద 2009 జనవరి ఒకటి, అర్ధరాత్రి. దాని కింద: ఎర్రదొడ్డి. గుంతలో ఒక మోటారు మూసింది, ఒకటి తెరిచింది.

అనుపమ కుర్చీలో కూర్చుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది. మిషన్ ఆపినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోయింది. ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే బ్యాటరీలున్నంతకాలం మిషన్ ఆగలేదు. బ్యాటరీలు పెళ్ళికి పోయాక కరెంటు పోయినప్పుడల్లా దానికి కొత్తగా అర్ధరాత్రి అవుతోంది. అర్ధరాత్రి వంతు ఎర్రదొడ్డిది.

ఆమె టైము మళ్ళీ వేసింది, కాసేపటికే కరెంటు మళ్ళీ పోయి వచ్చింది. ఆమె మిట్ట మీదికి ఎక్కితే ఫోన్ కలిసింది. వంశీకృష్ణ అంతా విన్నాడు.

"సెల్లు మార్చేసి రా. దాంతో అయిపోయె కదా."

"దివాకర్ సార్ లింగన్న మీద చెప్పమంటాండాడన్నా, అందరి ముందర."

"చెప్పొద్దు. అది తప్పని కూడా చెప్పొద్దు. మన పని మిషన్ లేపడం. వాళ్ళ పంచాయితీ మనకెందుకు అనూ? ఆయన పనులు ఆపితే అంగట్లో మనం ఈగలు తోలుకోవల్ల."

యాడికిలో మూడు అంగళ్ళు తిరిగింది. వాచీల సెల్లులున్నాయి, టార్చిలైటు సెల్లులున్నాయి. ఆ బిళ్ళ లేదు. గుత్తిలోనూ దొరకలేదు.

*

మూడో రోజు బోడిగుట్టపల్లి నుంచి ఆడా మగా ట్రాక్టరులో వచ్చారు. నిన్న నీళ్ళొస్తాయని వెళ్ళిన ఆడవాళ్ళు అనుపమను చూసి చెట్టు కిందికి వెళ్ళారు. లక్ష్మీదేవమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఒక కడవన్నా నిండలేదు పాపా. పైపు తుమ్మినట్టు తుమ్మి నిలిసిపాయె."

ఫ్యాక్టరీకి కరెంటు కోత ఇచ్చారేమో, లింగన్న కూడా వచ్చాడు. అనుపమ పొద్దున ఫోన్ చేసి రమ్మన్నప్పుడు రానన్నాడు. ఇప్పుడు దారికి అవతల మోపెడ్ మీద ఒక కాలు కింద మోపి కూర్చుని ఉన్నాడు. దిగలేదు.

కారు కీచుమంది. దివాకర్ గడప మీదికి ఎక్కి అందరి వైపు తిరిగాడు.

"అనంతపురం నుంచి ఇంజినీరును పిలిపించినా. మిషన్ ఎవరు చెడగొట్టినారో ఆ పాపే చెప్తాది. చెప్పమ్మా."

అనుపమ చెమట పట్టిన చేతుల్ని చున్నీకి తుడుచుకుంది. తెరను బల్ల అంచుకు లాగి వాకిలి వైపు తిప్పింది.

"లింగన్న వైర్లు పీకలేదు."

దివాకర్ వేలు తాళం మీద ఆగింది.

"చూపిస్తా. ఇదో, ఇప్పుడు టైము సరిగా వేసినా. మీ ఊరి పేరుంది చూడండి." ఆమె వంగి ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. "ఇప్పుడు కరెంటు పోయినట్టు." మళ్ళీ పెట్టింది. "వచ్చినట్టు."

మిషన్ లేచేదాకా అందరూ మెడలు చాచి తెరనే చూశారు. గుంతలో మోటార్లు తిరిగాయి. ట్రాక్టరు డ్రైవరు పెద్దగా చదివాడు, "ఎర్రదొడ్డి." గుంత దగ్గరున్న వాళ్ళలో ఒకడు గొట్టం మీద చెయ్యి పెట్టి, "ఇది చల్లబడతాండాది, ఆ ఊరిదే," అన్నాడు.

"దీంట్లో గడియారం సెల్లు చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా టైము మర్చిపోయి మొదటి ఊరికి పోతాది. బ్యాటరీలున్నప్పుడు పోలేదు. బ్యాటరీలు తీసినప్పటి నుంచి మీ నీళ్ళు ఎర్రదొడ్డికి పోతాండాయి. లింగన్న వచ్చి తిప్పినప్పుడే మీకొచ్చినాయి."

ఎవరో "రిపేరు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. దివాకర్ నవ్వలేదు.

"సరే, సెల్లు అంటాండావు. మార్చు. దానికింత కథేల?"

"దొరకలేదు సార్. మీ కారు తాళం ఒకసారి ఇస్తారా?"

కారులో ఏదో ఉందనుకుని అతను ఇచ్చాడు. ఆమె జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి తాళం నడుముకు పెట్టి విప్పింది. లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఉంది.

"ఏయ్, ఏం చేస్తాండావు?"

"ఇదే బిళ్ళ సార్. అనంతపురంలో కొత్తది దొరుకుతాది, వేయించుకోండి. తాళం మామూలుగానే తిరుగుతాది."

"బిళ్ళే గదప్పా, ఇయ్యి," అంది లక్ష్మీదేవమ్మ. "బ్యాటరీలే పోయినాయి, బిళ్ళకు చూస్తాండావు."

దివాకర్ చుట్టూ చూశాడు. తర్వాత అనుపమను చూశాడు.

"మీ వంశీకృష్ణతో మాట్లాడతాలే."

"మాట్లాడండి సార్."

ఆమె మిషన్ ఆపి, పాత సెల్లును గోటితో లేపి, దివాకర్ సెల్లును అక్కడ నొక్కింది. ఆన్ చేసి తారీఖు వేసింది, సమయం వేసింది, భద్రం చేయమంది. మిషన్ మళ్ళీ లేవడానికి ఆగింది. తెర నల్లబడింది. ఆమె ఎదురు చూసింది. తెర నల్లగానే ఉంది. ఇన్వర్టరు మీది ఎర్రలైటు కూడా లేదు.

"పోయింది," అన్నాడు జయరాజు. "సబ్‌స్టేషన్లోనే పోయినట్టుండాది. ఎప్పుడొస్తాదో."

వెనక గుంతలో గొట్టంలో నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు ఏ ఊరికి పోతాండాయి అవి?" అంది లక్ష్మీదేవమ్మ.

"ఎర్రదొడ్డికి," అంది అనుపమ. "వాల్వు యాడ నిలిచిందో ఆడే ఉంటాది. కరెంటొస్తే మిషన్ టైము చూసుకుని మీకు తిప్పుతుంది."

"మా వంతు ఇప్పుడు గదా."

"ఇప్పుడే."

"కరెంటు రాత్రికొస్తే?"

అనుపమ దగ్గర జవాబు ఉంది. రాత్రికి మిషన్ లేచి, టైము చూసుకుని, వంతులు అయిపోయాయని అన్నీ మూసి ట్యాంకు నింపుకుంటుంది. సరైన టైముతోనే చేస్తుంది. ఆమె ఆ మాట చెప్పింది.

లక్ష్మీదేవమ్మ గడప దిగింది. దారి దాటి మోపెడ్ ముందు ఆగింది. లింగన్న హ్యాండిలు మీద చేతులు పెట్టుకుని గుట్ట మీది ట్యాంకును చూస్తున్నాడు.

"లింగన్నా."

"ఊ."

"ట్యాంకులో నీళ్ళుండాయా?"

"ఉండాయి. పొద్దున నిండింది."

"కరెంటు లేకున్నా చేత్తో తిప్పితే తిరుగుతాదా అది?"

"రాడ్డుంటే తిరుగుతాది."

ఆమె ఇంకేదో అడుగుతుందని చెట్టు కింద వాళ్ళు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది, వదిలేసింది.

"రాడ్డు యాడుండాది?" అన్నాడు లింగన్న.

"మా ఇంటి ముందర. భూమిలో దిగ్గొట్టినాం. మేకను కట్టేస్తాండాం దానికి."

లింగన్న తల తిప్పి మొదటిసారి ఆమె మొహం చూశాడు.

"వంగిందా?"

"వంగలేదు. గట్టిది."

"తలకాయ భూమిలో దిగ్గొట్టినారా, పైకుండాదా?"

"పైకే. తాడు ఆడే తగిలిస్తాండాం."

అతను మోపెడ్ కిక్కు కొట్టాడు. బండి మొదటిసారికి లేవలేదు, రెండోసారికి లేచింది.

"ఎక్కు."

"నేనా?"

"మేక నీది. నన్ను పొడుస్తాది."

లక్ష్మీదేవమ్మ చెప్పులు విడిచి వాటిని చేతిలో పట్టుకుని వెనక ఎక్కింది. ఒక చేత్తో సీటు పట్టుకుంది. మోపెడ్ దిన్నె ఎక్కి అవతలికి దిగింది.

దివాకర్ కారు దగ్గరికి నడిచి, నడుస్తూనే తాళం నొక్కాడు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కాడు. తర్వాత ఆగి, ఎండలో వంగి, తలుపులో తాళం పెట్టి తిప్పాడు. ఆ తాళం ఎటు తిరుగుతుందో వెతుక్కోవలసి వచ్చింది. ట్రాక్టరు మీది వాళ్ళు అది చూశారు.

అనుపమ గదిలో నల్ల తెర ముందు కూర్చుంది. లేచింది. కూర్చుంది. ఫోన్‌లో వంశీకృష్ణ పేరు రెండుసార్లు వచ్చి సిగ్నల్ లేక ఆగిపోయింది. డిస్కును కవరులో పెట్టింది. కవరు మీది బొట్టు అలాగే ఉంది.

మోపెడ్ చప్పుడు తిరిగి వచ్చింది. లక్ష్మీదేవమ్మ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్న ఇనప రాడ్డు రెండు పక్కలకూ పొడుచుకుని ఉంది. దాని కొసకు తాడు ముక్క వేలాడుతోంది. లింగన్న దాన్ని అందుకుని గది వైపు రాకుండా, చుట్టూ తిరిగి గుంతలోకి దిగాడు. మొదట ఎర్రదొడ్డి వాల్వు మూశాడు. గొట్టం చప్పుడు సన్నబడి ఆగింది. తర్వాత గోడ పక్క వాల్వుకు రాడ్డు తగిలించి రెండు చేతులతో తిప్పాడు. ఇనుము కిర్రుమంది. భూమి అడుగున నీళ్ళు ఇంకో దారి పట్టాయి. ఆడవాళ్ళు ట్రాక్టరెక్కారు. కడవలు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"రాడ్డు ఎవరి దగ్గర పెట్టల్ల?" అని లింగన్న గుంతలోంచి అడిగాడు.

"నీ దగ్గరే పెట్టుకో," అంది లక్ష్మీదేవమ్మ ట్రాక్టరు మీంచి. "మేకకు ఇంకో గుంజ చూసుకుంటాం."

ట్రాక్టరు వెళ్ళిపోయాక చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఎండ ఇంకా గుట్ట మీద ఉంది. మిషన్ తనంతట తాను లేచింది. తారీఖు సరిగా లేదన్న వాక్యం రాలేదు. తెర మీద ఈ రోజు తారీఖు వచ్చింది, సమయం వచ్చింది, దాని కింద ఊరి పేరు వచ్చింది. గుంతలో గోడ పక్క మోటారు ఒక్క క్షణం గుర్రుమని ఆగింది. ఆ వాల్వు అప్పటికే తెరిచి ఉంది.